మార్తమ్మ బావి, ముప్పై మూడు అడుగుల గొలుసు

అది 1969వ సంవత్సరం, ఎండాకాలం. తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. పట్నంలో మా కాలేజీకి తాళం పడింది. బి.ఎ.లో భూగోళశాస్త్రం చదువుతున్న నేను ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని చేవెళ్లలో మా ఇంటికి చేరాను.

"ఆ ఏడు పిల్లల చదువులు మట్టిగొట్టుకుపోయాయి" అని పేపర్లలో రాసే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ప్రాణాలే పోగొట్టుకున్న పిల్లలున్నారు, వాళ్ల సంగతి వేరు. కానీ చదువు అంటారా? మా లెక్చరర్ గారు సర్వే గొలుసు బొమ్మను నల్లబల్ల మీద గీసి, చెరిపేసి, సర్వే పాఠం అయిపోయిందన్నారు. అసలు గొలుసు బీరువాలో ఉండేది. బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో కాలేజీలో ఎవరికీ తెలియదు. దాన్ని చదువంటే, ఆ చదువు పోయినందుకు నాకు రవ్వంత విచారం లేదు. ముప్పై ఏళ్లకు పైగా భూములు కొలిచి బతికాను. ఆ పనికి ఓనమాలు కాలేజీకి తాళం పడ్డ ఆ ఏడే దిద్దుకున్నాను.

మొయినాబాద్‌లో ఖాదర్ సాబ్ అని ఒక పెద్దాయన ఉండేవారు. నిజాం కాలంలో బందోబస్తు శాఖలో, అంటే భూములు కొలిచి శిస్తు నిర్ణయించే శాఖలో, పనిచేసి రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులు. అరుగు దిగడం తక్కువ. ఒక పాత సర్వే పుస్తకం చంకలో పెట్టుకుని, సైకిల్ మీద ఆయన దగ్గరికి వెళ్లాను.

"ఏం చదువుతున్నవ్ బేటా?" అన్నారు.

"భూగోళం, సాబ్."

"మొత్తం భూగోళమా! మాషాల్లా! జర గా ఎదురుంగ ఉన్న చెల్క ఎంతుంటదో చెప్పు, సాలు."

చెలక అంటే మెట్ట చేను. చెప్పలేకపోయాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వి, గోడకున్న మేకు నుంచి గొలుసు తీసి నా చేతిలో పెట్టారు.

ఆ గొలుసు పొడవు ముప్పై మూడు అడుగులు. ఇనుప కడ్డీలను చిన్న చిన్న రింగులతో కలిపి చేస్తారు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరపు నేల ఒక గుంట. నలభై గుంటలు ఒక ఎకరం. రేంజింగ్ రాడ్ అంటే ఎరుపు తెలుపు పట్టీలు వేసిన కర్ర. అలాంటివి రెండు మూడు వరసలో నిలబెడితేనే గొలుసు పక్కకు పోకుండా తిన్నగా సాగుతుంది. గొలుసు లైను నుంచి పక్కకు, గట్టు వంపు దాకా కొలిచే దూరం ఆఫ్‌సెట్. ఇవన్నీ పుస్తకంలో చదివినవే. కానీ చెలకలో నిలబడితే ఒకటీ నా మాట వినలేదు. నేను పాతిన రాడ్‌కు ఒక బర్రె వీపు గోక్కుని పడగొట్టింది. మళ్లీ పాతాను. మళ్లీ పడగొట్టింది. అరుగు మీంచి ఖాదర్ సాబ్ "దానికి గుడ వరసల నిలబడుడు నేర్పియ్!" అని కేకేశారు. నెల తిరిగేసరికి చుట్టుపక్కల చెలకలన్నీ కొలిచాను, ఎవరూ అడగకపోయినా.

అప్పుడు వచ్చింది అదే ఊరి మార్తమ్మ.

ఆమె భర్త శంకర్‌పల్లి స్టేషన్ దగ్గర రైలు పట్టాల పని చేసేవాడు. సేద్యం అంతా ఆమెదే. మామ పోయాక భూమిని భర్తకూ, భర్త అన్న యాకోబుకూ సరిసమానంగా పంచారు. నడుమ పాతిన రాయి ఎప్పుడో నాగలి తగిలి పెళ్లగిలి, ఎవరింటి కట్టెల పొయ్యికో కాలైపోయింది. ఇన్నాళ్లూ దాని అవసరం పడలేదు. మార్తమ్మ బావి తవ్వడం మొదలుపెట్టాక పడింది. నీళ్లు చూసేవాడి అరచేతిలో కొబ్బరికాయ సరిగ్గా నడుమ హద్దు దగ్గరే నిటారుగా లేచిందట. ఆమె తన వైపు ఒక మూర లోపలికి జరిగి తవ్వించింది. అడుగున తడి తగిలింది. తడి తగిలిన రోజే యాకోబుకు హద్దు గుర్తొచ్చింది.

"గండిపేట నీళ్లు పట్నానికి పోతున్నయి. మా నోరు ఎండుతున్నది. నా బాయి నాకు కావాలె, సారు" అంది మార్తమ్మ ఖాదర్ సాబ్‌తో. "తాసిల్ కచేరీల అందరు సమ్మెల ఉన్నరు. సర్కారు సర్వేయరు ఎప్పుడొస్తడో ఎవరికెరుక. వానలు పడితే గడ్డ కూలుతది. రాయి కట్టాలంటె బాయి ఎవరిదో తేలాలె."

యాకోబు కూడా వెంటే వచ్చాడు. ఆరడుగుల మనిషి, చర్చిలో పెద్ద, ఉద్యమంలో ముందుండేవాడు. "ఎవరు కొలిచినా సరే, న్యాయంగ కొలిస్తె నాకేం ఫికర్ లేదు" అన్నాడు. ఖాదర్ సాబ్ తన మోకాళ్లను చూసుకుని, నన్ను చూశారు. అంతకు ముందు వారం నేను చేవెళ్లలో మా ఇంటి పెంకులు సర్దే పనిలో ఉండిపోయి, ఆ రోజే తిరిగొచ్చాను. గోడ మీది గొలుసు భుజాన వేసుకుని బయలుదేరాను.

మా దగ్గర టిప్పన్ నకలు ఉంది. టిప్పన్ అంటే ఆ సర్వే నంబరుకు ఏ వైపు ఎంత కొలతో వేసిన చేతి పటం. ఈ కొస రాయి నుంచి ఆ కొస రాయికి ముప్పై గొలుసులు. సగానికి సగం పదిహేను. ఇంతకన్నా సులువైన లెక్క ఉండదు. యాకోబు వైపు రాయి దగ్గర మొదలుపెట్టి, కొస దాకా కొలిచాను.

భూమి తక్కువొచ్చింది. ముప్పై గొలుసులు నిండకుండానే, ఐదు మూరలు ముందే మార్తమ్మ వైపు రాయి వచ్చేసింది.

మళ్లీ కొలిచాను. మళ్లీ అంతే. నా చెమట తుడుచుకునే లోపే యాకోబు గొంతు లేచింది.

"నా దిక్కు రాయి కదల్లేదు. గా దిక్కుదే లోపలికి జరిగింది. ఎందుకు జరిగిందో నేను చెప్త. బాయి తవ్వుడుకు పైసలు యాడియి? పక్క పట్టాదారుకు జరంత భూమి గుట్టుగ అమ్ముకున్నది మా మర్దలు! తక్కువైంది ఆమె ఖాతల పోవాలె. నా పదిహేను గొలుసులు నాకు పెట్టు."

పెట్టక తప్పలేదు. అతని రాయి నుంచి పదిహేను గొలుసులు లాగి సున్నం చల్లాను. ఆ గీత తిన్నగా పోయి బావి నోట్లో పడింది. బావి రెండు ముక్కలు.

మార్తమ్మ ఏడవలేదు. గీత మీద నిలబడి, "బాయి పైసలకు మేకలను అమ్మిన, బావా. ఏ మేకను ఎవరికి అమ్మిన్నో ఊరందరికి ఎరుకే. భూమి అమ్మిన్నంటివి. బాయి పోతె పోయింది గని, గీ మాట నేనెట్ల మోయాలె?" అంది. చుట్టూ చేరిన వాళ్లలో కొందరు పక్క పట్టాదారు చేను వైపు చూశారు. అనుమానం అంటే అంతే, ఒకసారి అన్నాక చూపులకు దారి దొరుకుతుంది. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఆ చూపులు తలుచుకుంటే.

హద్దు రాయి పాతేటప్పుడు మా ప్రాంతంలో గోతిలో ముందు బొగ్గులు పోస్తారు. బొగ్గు కుళ్లదు, చెదలు తినవు. రాయిని దొంగతనంగా జరిపినవాడు బొగ్గు సంగతి మరిచిపోతాడు. సాక్షులను నిలబెట్టి రెండు కొస రాళ్ల పక్కనా తవ్వించాను. మార్తమ్మ వైపు రాయి కింద నల్లగా, నిండుగా బొగ్గులు. యాకోబు వైపూ అంతే.

రాళ్లు కదల్లేదు. మరి ఐదు మూరల భూమి ఎటు పోయింది?

గట్టు మీద కూర్చుని పుస్తకం తీశాను. నవ్వినవాళ్లు నవ్వారు. నాకు గుర్తొచ్చింది మొదటి అధ్యాయంలోనే, పరీక్షలో రాదని మా లెక్చరర్ గారు దాటేసిన పేరా. గొలుసును వాడేముందు పరీక్షించవలెను. పొడవు పెరిగిన గొలుసుతో కొలిస్తే దూరం తక్కువగా వచ్చును. వెంటనే గొలుసును దగ్గరగా చూశాను. రింగులు కోడిగుడ్ల ఆకారంలో సాగి ఉన్నాయి. కొన్నింటి మూతులు తెరుచుకున్నాయి. ఇంటికి పోయేముందు నేనే పరీక్షించి మేకుకు తగిలించిన గొలుసు ఇది!

ఖాదర్ సాబ్ వాకిట్లో సరిగ్గా ముప్పై మూడు అడుగుల దూరంలో రెండు రాళ్లు పాతి ఉండేవి, గొలుసును సరిచూడడానికి. అందరం ఊరేగింపులా అక్కడికి వెళ్లాం. గొలుసు పరిచాను. రెండో రాయి దాటి బెత్తెడు బయటికి వచ్చింది.

"అరే! మొన్న సక్కగనే ఉండె గదా" అన్నారు ఖాదర్ సాబ్. "యాకోబూ, రాస్తారోకో అని నువ్వే గదా తీస్కపోయినవ్?"

యాకోబు ఛాతీ విరిచాడు. ఏమాటకామాట, ఆ క్షణంలో అతనికి బావి గుర్తు లేదు. "అవ్ సాబ్! రోడ్డుకు అడ్డంగ రెండు చెట్లకు కట్టినం. పట్నం దిక్కు నుంచి లారీ వచ్చింది. ఆగుతదా? ముక్కుతోని నూకింది. నేను ఒక కొస జారకుండ పట్టి గుంజిన, లారీ ఒక దిక్కు గుంజింది. తెగిందా? తెగలే! లారీయే ఎనకకు పోయింది! ఏం గొలుసు సాబ్ అది, నిజాం కాలంది..."

చివరి మాట నోట్లోనే ఆగిపోయింది.

ముందు నవ్వింది మార్తమ్మ. "లారీని ఆపినవ్ బావా, మంచిదే. నా భూమిని గుడ గుంజి తక్కువ జేస్తివి!" అంతే, వాకిలంతా పడి పడి నవ్వింది. ఖాదర్ సాబ్ మోకాళ్ల నొప్పి మరిచి లేచి నిలబడ్డారు.

మర్నాడు కమ్మరి రింగులన్నీ బిగించాడు. అందరి ముందూ రెండు రాళ్ల మధ్య గొలుసు పరిచి చూశాకే చేలోకి దిగాం. ఈసారి యాకోబు రాయి నుంచి పదిహేను, మార్తమ్మ రాయి నుంచి పదిహేను కొలిచాను. రెండు కొలతలూ ఒకే చోట కలిశాయి. బావి మార్తమ్మ వైపు, మూర లోపల, చెక్కుచెదరకుండా ఉంది. నడిమి రాయికి గుంట యాకోబే తవ్వాడు. బొగ్గులు పోయబోతుంటే మార్తమ్మ ఆపింది.

"రాయి కుదిరింది. మరి అన్న మాట సంగతేంది బావా?"

"తప్పే మర్దలా, గా మాట నేనే అన్న. ఏం జెయ్యమంటవ్?"

"నలుగుట్ల అన్నవ్. నలుగుట్లనే గా మాట ఎనకకు తీస్కో."

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చిలో యాకోబు లేచి నిలబడ్డాడట. నేను లేను, ఖాదర్ సాబ్‌కు ఎవరో చెప్పారు. "మార్తమ్మ భూమి అమ్మలే. రాయి జరగలే. గొలుసును గుంజింది నేను" అని చెప్పి, కూర్చోబోయి, ఉండబట్టలేక "లారీని మాత్రం ఆపినం" అన్నాడట.

వానలకు ముందే బావికి రాతి కట్టు పూర్తయింది. మొదటి బిందె యాకోబు ఇంటికే పోయిందని విన్నాను. ఆమె అంతటి మనిషి.

తర్వాత లైసెన్సు వచ్చింది, ఎన్నో ఊళ్లు తిరిగాను. ఇప్పుడు ప్లాట్లు అమ్మే వెంచర్ల వాళ్ల కొలత మిషన్లు వస్తున్నాయి. "బాబూ, దీన్ని ఎప్పుడు సరిచూశావు?" అని అడిగితే, ఏదో తిట్టినట్టు నా వైపు చూస్తారు ఆ కుర్రాళ్లు. చూడనివ్వండి. నేను మాత్రం ఏ భూమిలోనైనా అడుగు పెట్టేముందు, తగాదాపడే ఇద్దరినీ పిలిచి, వాళ్ల కళ్ల ముందు గొలుసునే కొలిచేవాడిని. షాబాద్ దగ్గర ఒక రైతుకు విసుగొచ్చింది.

"ఏంది సారూ, మేం పిలిచింది భూమి కొలువమని. నువ్వు గొలుసును కొలుస్తున్నవేంది?"

"మీరిద్దరు ఒకరి మీద ఒకరు అనుమానపడ్డరు, పక్కోని మీద గుడ పడ్డరు" అన్నాను. "దీని మీద ఎవరు అనుమానపడలేదు. అందుకే."