బీరువా వెనక గోడ

నోరు పెద్దదని వీధంతా పేరు మోసిన దర్జీ అత్త ఇల్లు అమ్మకానికి పెట్టింది. పడగ్గది గోడకు దిగిన చెమ్మ కనబడకుండా బీరువా అడ్డం జరిపింది. ఇల్లు తనిఖీ చెయ్యమని కొనేవాళ్ళు పంపిన ఇంజనీరు నేరుగా అక్కడికే వచ్చేసరికి ఆమెకు ఒళ్ళు మండింది.

"బీరువా కూడా కొంటున్నారా ఏంటి?"

అతను నవ్వుతూనే దాన్ని పక్కకు జరిపాడు. చెమ్మలో ప్లగ్గు పాయింటు కాలి నల్లగా మాడిపోయి ఉంది. పరుగున వెళ్ళి మెయిన్ ఆపేసి వచ్చాడు.

"పక్కన ఈ మంచం మీద ఎవరు పడుకుంటారమ్మా?"

"నా మనవరాలు," అంది అత్త, మంచాన్ని గోడకు దూరంగా లాగుతూ.

అతను వెళ్ళబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"పిల్లాపాపలతో చల్లగా ఉండు నాయనా! వంటింట్లో సింకు కింద గోనెసంచి అడ్డం పెట్టాను. అదీ తీసి చూడు."