ఒక్క పోగు తెగకుండా

మా చెల్లెలు తన పదకొండో ఏట, చేపల వలలో చిక్కిన నీటికాకిని ఒక్క పోగు తెగకుండా విడిపించింది. ఆమె జీవితంలో మొదటి విజయం అది. పొద్దున్నే మొదలుపెడితే భోజనాల వేళ దాటిపోయింది. మా నాన్నకు ఆ వలే బతుకుతెరువు. "పక్షి పోతే పోయింది, వల తెగిందో నీ వీపు చీరేస్తా" అని గట్టు మీద నిలబడి అరిచాడు. నేను పక్షి తల మీద తడిగుడ్డ కప్పి పట్టుకున్నాను. చెల్లెలు ముందు కాళ్ళు, తర్వాత రెక్కలు, అన్నిటికన్నా చివర మెడ, వల కన్ను ఒక్కొక్కటే వెనక్కి జరుపుతూ విడదీసింది. మోచేతుల దాకా రక్తపు గీతలు. పక్షి ఎగిరిపోయాక నాన్న వలను ఎండకేసి ఎత్తిపట్టి ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. తన మొలలో ఉన్న వల అల్లే వెదురు సూది తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఈ సంగతి నేను నలభై తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, మీటింగుల్లో చెప్పాను, బస్సు కోసం నిలబడ్డ పరాయి ఊరివాళ్ళకీ చెప్పాను. "ఆ పక్షి వలలోంచి ఎప్పుడో ఎగిరిపోయింది గానీ, మీ నోట్లోంచి మాత్రం ఎగరదు" అని మా ఆవిడ అంటూ ఉండేది.

మన పఠన మందిరం పత్రికలో 'మన ఊరివాళ్ళు' శీర్షికకు ఈ నెల నన్ను రాయమన్నారు. నేను చదివింది ఏడో తరగతే అయినా నా చేతిరాతకు మా మాస్టారు క్లాసులో మొదటి మార్కు ఇచ్చేవారు. పదకొండేళ్ళు నీటి సంఘానికి ప్రెసిడెంటుగా చేశాను. పై వీధికి కుళాయి వచ్చింది నా హయాంలోనే. బడి చుట్టూ నలభై రెండు చెట్లు నాటిస్తే ముప్పై తొమ్మిది బతికాయి. ఇవన్నీ రాళ్ళ మీద చెక్కి ఉన్నాయి కాబట్టి ఇక్కడ పెంచి రాయను. ఈసారి మా చెల్లెలి గురించి రాయాలి. ఎందుకంటే ఆమె గురించి ఈ ఊళ్ళో నేనొక అబద్ధం చెప్పి ఉన్నాను.

మీరంతా 'ముడులత్త' అంటారే, ఆవిడే మా చెల్లెలు. మా బావ లారీ డ్రైవరు. ఆయన జబ్బుచేసి పోయేనాటికి వాళ్ళమ్మాయికి తొమ్మిదేళ్ళు. కూతుర్ని వెంటబెట్టుకుని, ఒక ట్రంకుపెట్టె, ఆ వెదురు సూది పట్టుకుని మా ఇంటికి వచ్చింది. తోటవైపున్న గది ఇచ్చాను. ఇచ్చానని చాలామందికి చెప్పాను కూడా. కానీ ఆ గదిలో కూర్చుని కూతుర్ని డిగ్రీ దాకా చదివించింది తన ముడులతోనే. మూడు బళ్ళలో వాలీబాల్ వలలు ఆమె అల్లినవే. పసిపిల్లల ఊయలలు, బంతుల సంచులు, రేవులో పడవలవాళ్ళ వలలు ఎన్ని వేలో లెక్కలేదు.

కిటికీ ఊచకు తాడు కట్టి, బెంచీ మీద కూర్చుని అల్లుకుంటూ వెనక్కి జరుగుతుంది. వల పెరిగేకొద్దీ ఆమె గుమ్మం వైపు వస్తుంది. గుమ్మం పక్కన మేకుకు కత్తెర వేలాడుతూ ఉంటుంది. ముడి వేయడానికి ఆమెకు కళ్ళతో పని లేదు, వేళ్ళకే తెలుసు. అందుకని కళ్ళెప్పుడూ కిటికీలోంచి తోటలోనే ఉంటాయి. ఆ తోట వేసింది నేను, నీళ్ళు పెట్టింది నేను. కానీ అందులో ఎవరెవరు కాపురముంటున్నారో తెలిసింది ఆమెకే.

రెండు వారాలకోసారి గోడవెంట నిదానంగా పోయే జెర్రిపోతుకు 'ఇన్‌స్పెక్టరు' అని పేరు పెట్టింది. కుళాయి గుంటలో కప్ప 'వాచ్‌మన్'. ద్రాక్ష పందిట్లో గూడు కట్టిన పిగిలిపిట్టల జంటను 'అద్దెవాళ్ళు' అనేది. "అద్దె ఏమిస్తారే?" అని అడిగితే, "పురుగుల్ని తింటున్నారుగా, మందు కొట్టే ఖర్చు తప్పింది నీకు" అనేది. అందరికన్నా ఇష్టం పెంకుల గుట్ట కింద ఉండే ఆడ ముంగిస. అడుగు వేసి వెనక్కి చూసి, మళ్ళీ అడుగు వేసి వెనక్కి చూసే దాని వాలకానికి 'కోడలు' అని పేరు. రోజూ ఎవరు కనబడితే వాళ్ళ గుర్తు క్యాలెండరులో ఆ తేదీ గడిలో గీస్తుంది. కప్పకు సున్నా, పాముకు వంకర గీత, ముంగిసకు తోక ఉన్న గీత. పదకొండేళ్ళ క్యాలెండర్లు ఒకే మేకుకు ఉన్నాయి. ఈ ఏడు జనవరి ఆఖర్లో ఒక గడిలో తోక గీత, దాని వెనక నాలుగు చుక్కలు గీసింది. కోడలికి నాలుగు పిల్లలు.

ఇక నా సంగతి. తోటల పోటీలో నాకు రెండుసార్లు రెండో బహుమతి వచ్చింది. రెండో బహుమతి అంటే ఎంత మంటో తెచ్చుకున్నవాడికే తెలుస్తుంది. ఈసారి ద్రాక్ష విరగకాసింది. పిట్టలూ ఉడతలూ గుత్తులు చెడగొడుతున్నాయి. వల అల్లి పెట్టమని చెల్లెల్ని అడిగాను.

"ఇరవై రోజులు పడుతుంది అన్నయ్యా. మందం నూలు కావాలి, వేలు దూరని కన్ను వెయ్యాలి. చట్రానికి బిగించి కట్టి, నేల నుంచి జానెడు పైకి ఆపాలి."

"పోటీ పదిరోజుల్లో ఉందే!"

"అయితే ఒక్కో గుత్తికీ సంచి కుట్టి తొడుగుతా."

"సంచులు తొడిగితే చూసేవాళ్ళకి గుడ్డలు కనబడతాయి గానీ ద్రాక్ష ఏం కనబడుతుంది?"

టౌనుకు వెళ్ళి వెంట్రుకంత సన్నటి నైలాను వల తెచ్చి పందిరి మీద నుంచి దుప్పటిలా పరిచేశాను. చివర్లు నేల మీద కుప్పలుగా పడ్డాయి. చెల్లెలు వచ్చి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకు చూసింది.

"ఇది వల కాదు అన్నయ్యా, ఉచ్చు. కనబడదు, లాగితే బిగుస్తుంది. ఎవరో ఒకరు చిక్కుతారు."

"ఎవరే, మీ ఇన్‌స్పెక్టరుగారా? చిక్కితే మనకే మంచిది, తనిఖీ తప్పుతుంది."

ఆమె నవ్వలేదు. "కనీసం కింద ఎత్తి కట్టు."

"రేపు కడతాలే" అన్నాను. ఆ రేపు మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. మరచిపోయానని రాయాలనుంది. మరచిపోలేదు. ఎత్తి కడితే కిందిగుత్తులు ఉడతలపాలవుతాయని ఆగాను.

ఫిబ్రవరి ఎనిమిదిన మార్కులు వేసే పోటీవాళ్ళు ముగ్గురు వచ్చారు, ఉదయం తొమ్మిదిన్నరకి. కొబ్బరిపీచు పరిచిన బాట, గుంజలకు కొత్త సున్నం, నా ఇస్త్రీ చొక్కా. వాళ్ళు నోటుపుస్తకాలు తీస్తుండగా పందిరి వెనక నుంచి సన్నటి కీచు వినబడింది. కోడలు. నేల మీద పడి ఉన్న వలలో మెడ, ముందుకాలు చుట్టుకుని గిలగిల కొట్టుకుంటోంది. కొట్టుకునేకొద్దీ బిగుస్తోంది.

చెల్లెలు గదిలోంచి పరుగెత్తుకుని వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, చీర కొంగు దాని తల మీద వేసి అదిమిపట్టి, "అన్నయ్యా, కత్తెర!" అంది.

కత్తెర గుమ్మం పక్క మేకుకే ఉంది. నేను నిలబడ్డ చోటికి పది అడుగులు. పోటీవాళ్ళు ముగ్గురూ నావైపు చూశారు. వల కొత్తది, కోస్తే చిరుగు కనబడుతుంది. అది సగం కారణం. మిగతా సగం రాయడానికే నాకు సిగ్గు.

"పదకొండేళ్ళప్పుడే ఒక్క పోగు తెగకుండా విప్పినదానివి, నీకు కత్తెరెందుకే?" అన్నాను. అని, వాళ్ళవైపు తిరిగి నీటికాకి కథ మొదలుపెట్టాను.

ఆమె ఒక్కసారి తలెత్తి నన్ను చూసి, పని మొదలుపెట్టింది. నేను కథ చెబుతున్నాను. గట్టు, నాన్న అరుపు, తడిగుడ్డ, అన్నీ వరసగా చెబుతున్నాను. నాన్న సూది ఇచ్చిన చోటికి వచ్చేసరికి వెనక నుంచి "అబ్బా" అని వినబడింది. కొంగు జారింది, ముంగిస ఆమె కుడిచేతి చూపుడువేలి మొదట్లో కొరికింది. అయినా ఆమె వదల్లేదు. రెండో చేత్తో ఆఖరి చుట్టు తప్పించాక వదిలింది. ముంగిస పెంకుల వైపు కుంటుతూ పారిపోయింది. వలలో ఒక్క పోగు తెగలేదు. పోటీవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మొదటి బహుమతి నాకే వచ్చింది.

ఆమె చేయి కడుక్కుని, గుడ్డ చుట్టుకుని, పడవలవాళ్ళ వల మిగిలిపోయిందని మళ్ళీ బెంచీ ఎక్కింది. "సూది మందు వేయించుకో వదినా" అని మా ఆవిడ పోరితే, సాయంత్రం వెళ్ళి ఒక ఇంజెక్షను వేయించుకుని వచ్చింది. మూడోరోజుకు చేయి మణికట్టు దాకా వాచి, వేలు నల్లబడింది. టౌను ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చీము వేలి లోపలి నరానికి పాకిందన్నారు, ఆ రోజే ఆపరేషను చేసి తీశారు.

మర్నాడు డాక్టరు కట్టు మారుస్తూ అడిగాడు: "అంత చిక్కుపడితే వల కోసేస్తే పోయేది కదమ్మా?"

మంచం పక్కన మా మేనకోడలు ఉంది. బస్టాండులో టికెట్ల కౌంటరులో పని చేస్తుంది, సెలవు పెట్టి వచ్చింది. ఆమె కూడా నావైపు చూసింది. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"వినదండీ. కత్తెర ఇస్తానన్నా వద్దంది."

చెల్లెలు నన్ను చూసింది. తర్వాత ఫ్యాను వైపు చూసింది.

"ఎప్పుడూ ఇంతే నువ్వు! నీ గొప్ప కోసం వేలు పోగొట్టుకుంటావా అమ్మా?" అని మేనకోడలు కసిరింది.

"అవునులేవే" అంది చెల్లెలు.

గొప్ప ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. చెల్లెల్ని ఆసుపత్రిలోనే ఉంచి నేను ఊరికి తిరిగివచ్చాక అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాను, మొండిది, కత్తెర ఇచ్చినా వద్దంది అని. రెండు మూడుసార్లు చెప్పేసరికి నిజంగానే ఇచ్చానేమో అనిపించింది కూడా. ఒకరోజు అన్నం వడ్డిస్తూ మా ఆవిడ, "ఆవేళ నేను వంటింటి కిటికీ దగ్గరే ఉన్నాను" అంది. నీటికాకి మీద జోకులు వేయడం కూడా మానేసింది. అవి వేసినప్పుడే బాగుండేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ గొడవ వదిలి తోట సంగతి చెబుతాను. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే వల కోసి తీసేశాను. ముక్కలు పారేయబోతే చెల్లెలు ఫోనులోనే ఆపింది: "బయట పడేయకు, అక్కడ ఇంకెవరో చిక్కుతారు. సంచిలో కుక్కి మూతి కట్టు." కట్టాను. రోజూ పొద్దున ఆమె ఫోను చేస్తుంది, నేను ఆమె బెంచీ మీద కూర్చుని జవాబు చెప్పాలి. కళ్ళు నావి, క్యాలెండరు ఆమెది.

"ఎవరొచ్చారు?"

"నల్లటి పిట్ట. తోక ఎత్తింది."

"తోక కింద ఎర్రగా ఉందా?"

"అది తోక ఎత్తింది నాకు చూపించడానికి కాదే, ఎగిరిపోవడానికి."

"అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఆ తోటలో ఏం చూశావు అన్నయ్యా నువ్వు?"

"ద్రాక్ష చూశాను" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వింది గానీ, చివర్లో "కోడలు?" అని అడిగింది. రోజూ చివర్లో అదే ప్రశ్న. పదకొండు రోజులు లేదనే చెప్పాను. పన్నెండోరోజు పొద్దున పెంకుల గుట్ట కింది నుంచి బయటికి వచ్చింది. అడుగు వేసి వెనక్కి చూసింది. ముందుకాలు కొంచెం ఈడుస్తోంది. వెనక పిల్లలు. వెంటనే ఫోను చేశాను.

"ఎన్ని?"

"మూడు."

"నేను నాలుగు చుక్కలు గీశాను" అంది.

నాలుగోది వెనకాల ఉండుంటుంది అని నోటి చివరిదాకా వచ్చింది. చెప్పడం తేలికే, ఆమె నమ్మేది కూడా. తల్లి కుంటుతూ ఎన్ని రోజులు వేటకు పోలేకపోయిందో నాకేం తెలుసు? "నాలుగోది కనబడలేదు చెల్లాయ్" అన్నాను. చాలా రోజులకు ఆమెతో నేనన్న నిజమైన మాట అది.

వేలికి రెండో ఆపరేషను కూడా అయింది. ఇప్పుడు సగం వంగుతోంది. పూర్తిగా వంగుతుందో లేదో, మళ్ళీ సూది పట్టగలదో లేదో, డాక్టర్లు మూడు నెలలు ఆగి చెబుతామన్నారు. రోజూ మంచం ఊచకు తాడు కట్టుకుని ముడి వేస్తోందట. మొదటి ముడి జారిపోయిందట. మేనకోడలు చెబుతూ, "ఆ రోజు కత్తెర పుచ్చుకుని ఉంటే ఈ బాధ ఉండేదా మావయ్యా?" అంది.

ఇక ఉండబట్టలేక, పోయిన ఆదివారం ఫోను స్పీకరులో పెట్టమని చెప్పి, అంతా చెప్పేశాను. కత్తెర అడిగింది, నేను ఇవ్వలేదు, వాళ్ళమ్మ వద్దనలేదు, అబద్ధం నాది.

మేనకోడలు, "నెలరోజులుగా అమ్మని తిడుతున్నాను మావయ్యా నేను" అంది.

వెనక నుంచి చెల్లెలి గొంతు వినబడింది. "తిట్టనీలే, ఇక్కడ దానికి ఇంకేం పని ఉంది. అన్నయ్యా, ఆ కత్తెర మేకుకే ఉందా?"

"ఉంది."

"నూనె రాసి పందిరి గుంజకు కట్టు. ఇకమీదట దాని చోటు అక్కడే."

క్షమించావా అని అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. కత్తెరకు నూనె రాసి గుంజకు కట్టాను. ఈ యేడు ద్రాక్ష పిట్టలే తింటున్నాయి.

మీకందరికీ ఒక మనవి. ఆమె బస్సు దిగినప్పుడు పలకరించండి, సంచి అందుకోండి. కుడిచేయి మాత్రం పట్టుకోకండి, ఇంకా పచ్చిగానే ఉంది. కత్తెర ఎందుకు వద్దన్నావని ఎవరూ ఆమెను అడగవద్దు. ఆ ప్రశ్న ఏదైనా ఉంటే నన్ను అడగండి, పక్కనే నిలబడి ఉంటాను. మార్చి ఇరవై ఒకటి, గురువారం, మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు వస్తోంది.