జయరాముడు లేని క్యాసెట్

గల్ఫ్‌లోని అల్ హైల్‌లో జయరాముడిది గోడలకు రంగులేసే డ్యూటీ. శుక్రవారం సెలవునాడు వీడియో కెమెరా భుజానికెత్తాడంటే మాత్రం అతని దర్జానే వేరు. తొంభై రెండులో ఊరికెళ్లిపోతున్న ఒక మలయాళీ ఫోటోగ్రాఫర్ దగ్గర ఆ కెమెరా కొన్నాడు. అప్పటినుంచి మెట్‌పల్లి దిక్కు ఎవరు సెలవు మీద వెళ్లినా వాళ్ల సంచిలో జయరాముడు తీసిన క్యాసెట్ ఉండాల్సిందే.

అతనికో పిచ్చి ఉంది. ఎవరిని తీసినా మొహం కాసేపు చూపించి, కెమెరాను మంచం కిందికీ, పొయ్యి మీదికీ, ఆరేసిన లుంగీల మీదికీ తిప్పేవాడు. తోటి పనివాడు భూమేశ్ అరువు కళ్లద్దాలు పెట్టుకుని మేనేజర్ కారుకు ఆనుకుని నిలబడితే, డ్రైవర్ వచ్చి తరమడం కూడా తీశాడు.

"గా తరిమింది తీసెయ్యరాదె అన్నా," అని భూమేశ్ బతిమాలాడు.

"కారు ఎవలిదో మీ ఇంట్ల తెల్వొద్దా? మనిషొక్కడే కనబడితె ఫోటో. సుట్టుపక్కల గూడ కనబడితెనే బతుకు."

ఊళ్లో వీసీఆర్ కిరాయికి తెచ్చుకుని చూసి, అందరూ పడీపడీ నవ్వారట. నవ్వనిది జయరాముడి భార్య దేవవ్వ ఒక్కతే. తన మాటలు టేపులో రికార్డు చేసి పంపింది.

"కవిత నాయినా, అందరి మొగోళ్లు కనబడ్డరు, నువ్వే లేవు. కాలో చెయ్యో పోతే దాస్తున్నవేమోనని భయమైతుంది. ఈసారి నువ్వు కనబడకపోతె నేను ముద్ద ముట్ట."

కెమెరా ముందు నిలబడాలంటే జయరాముడికి చచ్చేంత సిగ్గు. అయినా తెల్లచొక్కా తొడుక్కుని, కెమెరాను రూమ్‌లో ఉండే నర్సింగ్ చేతిలో పెట్టాడు. ఆ తర్వాతైనా కుదురుగా ఉన్నాడా? "వంకర పట్టినవ్," అంటూ ముందుకొచ్చి సర్దడం, వెనక్కి పోవడం, మళ్లీ రావడం.

"నిలవడరాదె అన్నా," అని నర్సింగ్ మొత్తుకుంటూనే ఉన్నాడు.

తీరా చూసుకుంటే క్యాసెట్ నిండా తెరకు అడ్డొచ్చిన జయరాముడి చెయ్యే. మళ్లీ తీద్దామంటే ఊరెళ్లేవాడు బయట హారన్ కొడుతున్నాడు. చేసేది లేక అదే ఇచ్చేశాడు. దేవవ్వ పస్తులుంటుందేమోనన్న దిగులుతో అతనికీ తిండి సయించలేదు. ఎట్టకేలకు ఆమె టేపు వచ్చింది.

"మొఖం సక్కగ కనబడలె. చెయ్యి కనబడ్డది. గోర్లల్ల రంగు గట్లనే ఉన్నది. అందరు నవ్విన్రు. నేను గాడనే ఆపుమని, టీవీ మీద నా చెయ్యి ఆనిచ్చిన. ఇంటికొచ్చి అన్నం తిన్న. నువ్వు గూడ తిను."

జయరాముడు గోళ్లు కడుక్కుందామని లేచి, మళ్లీ కూర్చున్నాడు. వచ్చే క్యాసెట్ దాకా ఉండనీ అనుకున్నాడు.