రిబ్బను కట్టిన చెట్టులో గూడు

మొదటి పుల్లను అక్టోబరు ఇరవై ఆరు, ఆదివారం, ఉదయం ఎనిమిది ఇరవైకి నా పుస్తకంలో రాసుకున్నాను. తెచ్చింది ఆడగద్ద. మగదానికంటే అది పెద్దది, పక్కపక్కన కూర్చుంటే చూడగానే తెలుస్తుంది. నా మోచేతి నుంచి వేళ్ళ చివరిదాకా ఉండే ఎండుకొమ్మను కాళ్ళతో పట్టుకొని చెరువు మీదుగా వచ్చింది. సైకమోర్ చెట్టు మూడు కొమ్మలుగా చీలిన చోట దాన్ని పెట్టింది. పుల్ల నిలవలేదు, కింద పడింది. పక్కన ఇంకో గడి గీసి, పైన "పడినవి" అని రాసి, అందులో ఒకటి వేశాను.

ఆష్‌బర్న్‌లో మా ఇళ్ళ వరస వెనక వాననీటి కోసం తవ్విన చెరువు ఉంది. ఈ తెల్లతల గద్దల జంటకు చెరువు అవతల పైన్ చెట్టు మీద పాత గూడు ఉండేది. జులైలో వచ్చిన గాలివానకు ఆ చెట్టు సగానికి విరిగింది, గూడంతా నేల మీద పడింది. పిల్లలు అప్పటికే ఎగిరిపోయాయి కాబట్టి సరిపోయింది. తర్వాత మూడు నెలలు జంట కనిపించలేదు. ఇక రావనే అనుకున్నాను. వచ్చాయి కానీ, అవి ఎంచుకున్న సైకమోర్ మొదలుకి సెప్టెంబరులోనే నారింజ రంగు రిబ్బను కట్టి ఉంది. గట్టు కోసుకుపోతోందని, దాన్ని వెడల్పు చేయడానికి పదకొండు చెట్లు కొట్టేయాలని హెచ్‌ఓఏ, అంటే మా ఇళ్ళ సంఘం, నిర్ణయించింది. జనవరి ఐదు, సోమవారం పని మొదలు.

రిబ్బను కట్టిననాటికి చెట్టు మీద ఏమీ లేదు. వాళ్ళను తప్పుపట్టను. గద్ద గూడున్న చెట్టును కొట్టడానికి ఈ దేశంలో చట్టం ఒప్పుకోదు. అయితే గూడు ఉందని ముందు వాళ్ళకు తెలియాలి. కింద నడిచే దారి నుంచి చూస్తే లావు కొమ్మ అడ్డొచ్చి నాలుగు పుల్లలు తప్ప కనిపించవు. సరిగ్గా కనిపించేది మా మూడో అంతస్తు వెనక కిటికీ నుంచే. అందుకని తెలియజేయడం నా పని అనుకున్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళు హాస్పిటల్ బ్లడ్ బ్యాంక్‌లో పనిచేశాను. చూసింది చూసినట్టు, చూసిన వేళ రాయడం తప్ప నాకు వేరే విద్య రాదు. రోజూ ఏడున్నర నుంచి తొమ్మిదింటిదాకా కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాను. గూట్లో నిలిచిన పుల్లనే లెక్కలో వేశాను. తీసి పక్కకు జరిపిన పుల్లను రెండోసారి లెక్కించలేదు. మగది తెచ్చిన పుల్లను ఆడది సగం సార్లు తీసి ఇంకోచోట పెట్టేది. మగది కాసేపు చూసి, మళ్ళీ పుల్లకు వెళ్ళేది.

"ఏంటోయ్, ఇవాళ ఎన్ని?" అని మా ఆయన కాఫీ గ్లాసుతో పైకి వచ్చి అడిగేవారు.

"ఆరు. పడినవి రెండు."

"మన ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు కూడా ఇంత శ్రద్ధగా లెక్కపెట్టలేదు నువ్వు."

"మనం ఇల్లు కట్టలేదండీ. కట్టినది కొన్నాం."

నవంబరు మొదటి వారంలో, మళ్ళీ డిసెంబరు మొదటి వారంలో అవి విపరీతంగా పనిచేశాయి. డిసెంబరు ఆరు నాటికి నిలిచినవి నూట పద్దెనిమిది. సంఘం మేనేజరుకు అంతా పంపితే చదవడేమోనని, బాగా పని జరిగిన ఎనిమిది రోజులు ఏరి ఒక కాగితం మీద రాశాను. నవంబరులో 2, 4, 5, 6. డిసెంబరులో 3, 4, 5, 6. ఆ ఎనిమిది రోజుల్లో డెబ్బై రెండు పుల్లలు. ఫొటో తీసి ఎనిమిదో తేదీన ఈమెయిల్ చేశాను.

పదకొండున జవాబు వచ్చింది. పక్షుల మీద మీ ప్రేమకు కృతజ్ఞతలు, ఈ వివరాలు ఫిబ్రవరి నుంచి జూన్ వరకు ఉన్న పాత గూటివి, అది జులైలో పడిపోయింది, పని అనుకున్న తేదీకే మొదలవుతుంది, అని.

ఫోన్ చేశాను. మేనేజరు కుర్రవాడే, మర్యాదస్తుడు.

"మేడమ్, మీ షీట్ చాలా నీట్‌గా ఉంది. కానీ అది పాత గూడు కదా."

"కొత్తది. ఇవాళ పొద్దున కూడా చూశాను."

"మా మనిషి పోయిన వారం కింద నుంచి చూశాడు. ఉడతల గూడులా ఉందన్నాడు. మీ షీట్‌లో కూడా ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ ఉన్నాయి."

"నేను ఏ ఫిబ్రవరీ రాయలేదు."

అతని గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనం నాకు తెలుసు. పెద్దవాళ్ళకు మతిమరుపు వచ్చిందని అనుమానం కలిగినప్పుడు చిన్నవాళ్ళ గొంతులో వచ్చే మెత్తదనం అది. సరే మేడమ్, నోట్ చేసుకుంటాను, అన్నాడు. ఏం నోట్ చేసుకుంటాడో నాకు అర్థమైంది.

"పోనీలెద్దూ, అవి ఇంకో చెట్టు చూసుకుంటాయి," అన్నారు మా ఆయన.

"డిసెంబరు సగమవుతోంది. జనవరి చివర గుడ్లు పెట్టే వేళ. చెట్టు పోతే ఈ ఏడాదికి వాటికి గూడు లేదు, పిల్లలు లేవు."

నా పుస్తకం తెరిచి రెండుసార్లు సరిచూశాను. ఎక్కడా తప్పు కనిపించలేదు.

పద్నాలుగు, ఆదివారం, పక్కింటమ్మాయి కరివేపాకు కోసం వచ్చింది. చలికాలం మా కుండీ వంటింట్లోనే ఉంటుంది. ఆ అమ్మాయిది వరంగల్ వైపు, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. రెబ్బలు తుంచుతూ బల్ల మీదున్న కాగితం చూసి, 3/12 అని ఉన్నచోట వేలు పెట్టింది.

"ఆంటీ, ఇది మార్చి పన్నెండా?"

"ఏది? మూడు, డిసెంబరు."

"మీకు మూడు డిసెంబరు. ఇక్కడోళ్ళకు మార్చి పన్నెండు." పకపకా నవ్వింది. "డేట్ ఫార్మాట్ బగ్ ఆంటీ! మా టీమ్‌ల నెలకొకటి దొరుకుతది. ఇండియా టీమ్ డే ముందు రాస్తది, ఇక్కడోళ్ళు మంత్ ముందు చదువుతరు. నలభై ఏండ్ల సంది ఈడనే ఉండి మీరు కూడా గిట్ల రాస్తే ఎట్ల?"

కాగితం లాక్కొని చూశాను. ఎనిమిది తేదీల్లో ఒక్కటీ పన్నెండు దాటలేదు. ఒక్కటి దాటినా మేనేజరుకే అనుమానం వచ్చేది. నెల ముందుగా చదివితే ఎనిమిదీ ఫిబ్రవరికీ జూన్‌కీ మధ్యే పడుతున్నాయి. సంవత్సరం కూడా సరిపోయింది. నేను ఏరి ఏరి పంపిన రోజులే గూడు పాతదని సాక్ష్యం చెప్పాయి.

ఇంట్లో పాలకైనా మందులకైనా రోజు ముందు రాయడం నా అలవాటు. ల్యాబ్‌లో కోటు వేసుకుంటే నెల ముందు. నెల వెనక రాశారని కొత్తవాళ్ళ చేత లేబుళ్ళు మళ్ళీ రాయించినదాన్ని. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కలగలపలేదు. కోటు విప్పిన పన్నెండేళ్ళకు కలిపాను.

"నవ్వింది చాలు, కూర్చో," అన్నాను. "నేను చెబుతాను, నువ్వు టైప్ చెయ్యి."

"ఎక్సెల్‌ల చేస్త. ఎన్ని రోజులు?"

"మొత్తం యాభై. సున్నాలు కూడా. నెల పేరు అక్షరాల్లో."

ఆ రోజుకు నిలిచినవి నూట ముప్పై ఒకటి, పడినవి నలభై నాలుగు. మొదటి కాగితం కూడా జత చేశాను. ల్యాబ్‌లో తప్పు అంకెను చెరపనివ్వం. ఒక్క గీత కొట్టి, కింద తప్పు కనిపించేట్టే ఉంచి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. ఎనిమిది తేదీలకూ అలాగే చేశాను. ఉత్తరం మొదటి వాక్యం, తప్పు నాది అని.

"అంత తప్పు ఒప్పేసుకోవాలా? ఏదో పొరపాటు అంటే పోలా?" అన్నారు మా ఆయన.

"తప్పు దాస్తే ఒప్పును ఎవరు నమ్ముతారు?"

చివరి వాక్యంలో, ఒక్క ఉదయం మా కిటికీ దగ్గర కూర్చోండి, మళ్ళీ మిమ్మల్ని విసిగించను, అని రాశాను. శుక్రవారం వస్తాను, అరగంటే ఉండగలను, అని జవాబిచ్చాడు.

డిసెంబరు పంతొమ్మిది, ఉదయం ఏడు నలభైకి వచ్చాడు. చెప్పకుండానే గుమ్మంలో షూస్ విప్పాడు. మనవాళ్ళే ఎక్కువున్న మా వరసలో మేనేజరు పని చేసేవాడికి ఆపాటి తెలుస్తుంది. బైనాక్యులర్స్ ఇచ్చాను. చాలాసేపు చూశాడు.

"పెద్దదే. కానీ ఉడతలు కూడా పెద్దవి కడతాయి మేడమ్."

"నా చేయంత పుల్లను ఏ ఉడత మోస్తుంది?"

మా ఆయన కాఫీ తెచ్చి, అతనిది ఏ ఊరో, ఏం చదివాడో అడగడం మొదలుపెట్టారు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. ఎనిమిదయింది. ఎనిమిదీ పది. చెరువు మీద బాతులు తప్ప ఏమీ లేదు. అతను ఖాళీ గ్లాసు కింద పెట్టి లేవబోయాడు.

"కాఫీ ఇంకొంచెం తీసుకోండి," అన్నాను. నేను ఎవరినీ అలా బలవంతపెట్టను.

"ఐదు నిమిషాలు," అన్నాడు.

ఎనిమిదీ పద్నాలుగుకి మగది వచ్చింది. ఈసారి కాళ్ళలో పుల్ల లేదు, పసుపుపచ్చటి ఎండుగడ్డి గుప్పెడు. గూడు కట్టడం అయిపోయి, లోపల పరుపు వేసే దశ అది. వెనకే ఆడది దిగింది. గూట్లో కూర్చుని రొమ్ముతో గడ్డిని అదిమి, అటూ ఇటూ తిరిగి, మళ్ళీ అదిమింది.

అతను ఫోన్ తీసి వరసగా ఫొటోలు తీశాడు. "ఆ గడ్డి మాదే," అన్నాడు నెమ్మదిగా. "గట్టు కోసుకుపోకుండా మేం పరిపించిన గడ్డి."

"చూశారా, మీ సంఘం కూడా చేయి వేసింది," అన్నారు మా ఆయన.

నా పుస్తకం, పెన్ను అతని ముందు పెట్టాను. "మీరు చూసింది మీరే రాయండి. నెల అక్షరాల్లో."

రాశాడు. సంతకం చోటు చూపించాను, పెట్టాడు. అతను మెట్లు దిగాక మా ఆయన, "పాపం, వచ్చినవాడి చేత హోంవర్క్ చేయించావు," అన్నారు.

ఇరవై మూడు, మంగళవారం, ఇద్దరు మనుషులు వచ్చి సైకమోర్ రిబ్బను విప్పారు. పిల్లలు ఎగిరేదాకా ఆ వైపు గట్టు పని ఆపామని సాయంత్రం ఉత్తరం వచ్చింది. పుస్తకంలో కొట్టేయాల్సిన చెట్లు పదకొండు అని ఉన్నచోట ఒక్క గీత కొట్టి, పది అని రాసి, సంతకం పెట్టాను. మిగిలిన పదింటికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

జనవరి ఐదు, సోమవారం. మా వైపు యంత్రాలు రాలేదు. అవతలి గట్టున రంపం చప్పుడు ఎనిమిదింటి నుంచి. గడ్డి మూడుసార్లు. ఆడది గూట్లో నలభై నిమిషాలు, కదలకుండా.