కాలు తగిలిన పరుగు

చెక్క పలకలు రెండూ టప్పున కొట్టుకున్న చప్పుడు వింటే చాలు, ఇప్పటికీ నా మడమలు వాటంతటవే పైకి లేస్తాయి. ఢిల్లీ పక్కనే వైశాలిలో మా స్కూలు పిల్లలకు పందెం మొదలుపెట్టడానికి ఆ పలకలు కొట్టేది నేనే. అయినా లేస్తాయి. అదంతా సోలెన్ ఆంటీ చలవ.

ఫ్రాన్సులో ఆవిడ పేరుమోసిన పరుగుల రాణి. భర్త ఉద్యోగం ఢిల్లీలో కావడంతో కొన్నేళ్లు మా పై ఫ్లాట్‌లో ఉన్నారు. వాళ్ల దేశంలో జనం రోడ్డు మీద ఆపి ఆవిడతో ఫొటోలు దిగేవారట. ఇక్కడి కూరగాయల భయ్యాకి మాత్రం ఆవిడ కొత్తిమీర ఊరికే అడిగే మేడమ్, అంతే. "మా దేశంలో ఎంత పేరున్నా ఎవరూ ఊరికే కొత్తిమీర ఇవ్వలేదు" అని మురిసిపోయేవారు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ నర్సుగా స్థిరపడిన మా అమ్మ ఆవకాయ పెడితే, కళ్లనీళ్లు తుడుచుకుంటూనే "ఔర్" అంటూ ఇంకా వేయించుకునేవారు. నేను మెట్లెక్కే జోరు చూసి, పొద్దున్నే పార్కుకు లాక్కెళ్లి పరుగు నేర్పడం మొదలుపెట్టారు.

నాకు ఢిల్లీలో ధౌలా కువా దగ్గరి పెద్ద కాలేజీలో చదవాలని ఆశ. నా మార్కులకు అది అందని ద్రాక్ష, ఆటల కోటా ఒక్కటే దారి. ఎంపిక రోజున ముందు వంద మీటర్లు పెట్టారు. గీత దగ్గర వంగి వెనక్కి జరుగుతుంటే నా బూటు పక్కమ్మాయి వేళ్లకు తగిలింది. అప్పటికే "సెట్" అనేశారు. మాది చర్చికి వెళ్లే ఇల్లే అయినా, ఎవరికైనా కాలు తగిలితే కళ్లకద్దుకోవాల్సిందేనని అమ్మ చిన్నప్పుడే నూరిపోసింది. నా చెయ్యి నన్నడగకుండానే లేచి, ఆ వేళ్లను తాకి, నా కళ్ల దగ్గరికి వెళ్లింది. పలకలు మోగకముందే కదిలానని నన్ను తీసేశారు.

"ఇంటికి పోదాం అమ్మా" అని ఏడ్చాను.

నాతో వచ్చిన అమ్మ మాత్రం ఊరుకోకుండా పలకలు కొట్టినాయన మీదికి వెళ్లింది. "కాలు తగిలితే అద్దుకోదా మరి? అదేం రూలండీ!"

గ్యాలరీలోంచి దిగొచ్చిన సోలెన్ ఆంటీ సంగతి తెలిశాక పగలబడి నవ్వారు. "నా ఆఖరి పెద్ద పందెంలో నన్నూ ఇలాగే తీసేశారు. నాకు కారణం కూడా లేదు, కంగారంతే. ఊరికే కూర్చోలేక, మిగతావాళ్లు పరుగుకు ముందు విప్పి పెట్టిన బట్టల బుట్టలు మోసుకెళ్లి పందెం ముగిసే గీత దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాను. గెలిచిన పరుగులు ఎవరికీ గుర్తులేవు. అందరూ ఆ బుట్టల గురించే అడుగుతారు." నా కళ్లు తుడిచి, నన్ను లేపారు. "రెండు వందల మీటర్లు ఇంకా ఉందిగా. ఈసారి వంగకముందే అద్దేసుకో, ఠీక్ హై?"

ప్రతి అమ్మాయి దగ్గరికీ వెళ్లి చెయ్యి తాకి కళ్లకద్దుకున్నాను. "దీదీ, కాలు తగిలితే మాఫ్ కర్నా!" అందరూ నవ్వేశారు. వాళ్లతో పాటు నా భయమూ నవ్వేసింది. రెండోదాన్నిగా వచ్చాను. సీటు వచ్చింది.

ఇప్పుడు మా స్కూలు పిల్లలూ పందెం ముందు అలాగే చేస్తారు. కష్టమైన పని ఏది ఎదురైనా, నేనూ ముందు పక్కవాళ్లను చూసి నవ్వుతాను. ఆవిడ నాకిచ్చింది అదే.

మొన్న ఆవిడ తన ఊరి మైదానం నుంచి వీడియో పంపారు. వరుసగా నిలబడ్డ ఫ్రెంచి పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు తాకి కళ్లకద్దుకుంటున్నారు. అమ్మకు చూపించాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూసింది.

"ఆ చివరి పిల్ల ఎడం చేత్తో అద్దుకుంటోందే. ఆంటీకి ఫోన్ చేసి చెప్పు."