అంచు పనివాడు

తాడిపత్రిలో బండలకు పాలిష్ పట్టే షెడ్డులో జకర్యాది అంచు పని. మీసం మొలిచినప్పటి నుంచి బండల అంచులు నునుపు చేయడం తప్ప ఇంకో పని ముట్టి ఎరగడు. కోసేది ఒకరు, పైన మెరుగు పెట్టేది ఇంకొకరు, పేర్లు చెక్కేది ఓబులేసు. తన పనిలో తనంతటివాడు లేడని జకర్యాకు మహా పొగరు. ఆ పొగరులో పావు వంతు బుర్ర ఉన్నా బాగుండేది.

నాయన చనిపోతే సమాధికి నల్లబండ తెచ్చి, వారమంతా కూర్చుని అంచులు తీర్చి, దగ్గరుండి పరిపించాడు. చెల్లెలు ఎస్తేరు చూసి నివ్వెరపోయింది.

"నాయన పేరు యాడుండాదన్నా?"

"పేరు చెక్కేది నా పని గాదమ్మా."

"ఓబులేసన్నకు చెప్పినావా?"

"వాని పని వానికి నేను చెప్పల్లనా?"

ఓబులేసేమో అడగందే ఉలి తీయడు. అడిగే పని ఆ షెడ్డులో ఎవరికీ అప్పగించలేదు మరి.

ఏడాది దాటింది. బండ మీద ఒక్క అక్షరం పడలేదు. పక్క సమాధులకు వచ్చినవాళ్లు దానిమీద కూర్చుని కాళ్లలో ముళ్లు తీసుకుంటున్నారు. అంచు ఎక్కడా గుచ్చుకోవడం లేదని మెచ్చుకుంటున్నారు. అది విని ఈ మహానుభావుడు మురిసిపోతున్నాడు.