తెలుగు వినడానికి తిరిగొచ్చిన కమలమ్మ ఆంటీ

కమలమ్మ ఆంటీ పరమపదించారు. గురువారం మధ్యాహ్నం సైన్స్ పార్కులో మీటింగు మధ్యలో ఉండగా ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. ఆ ఉదయమే గంజి తాగించి వచ్చాను. "సాయంత్రం బేగి రా పిల్లా" అన్నారు. అంత మామూలుగా మాట్లాడిన మనిషి అస్తమించారంటే మనసు ససేమిరా ఒప్పుకోలేదు. ఆ తరవాత మీటింగులో ఎవరో ఏదో అడిగితే సమాధానం కూడా చెప్పానట. ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

మర్నాడే మన తెలుగు సంఘం కార్యదర్శి గారు ఫోను చేశారు. సంఘం సంచికలో ఆంటీకి నివాళిగా నాలుగు మాటలు రాయమన్నారు. "ఆవిడ సేవానిరతి, మాతృభాషాభిమానం, వీటి గురించి రాయమ్మా. పాత విషయాలు ఇప్పుడెందుకులే. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పుకోవాలి కదా" అన్నారు. అలాగేనండీ అన్నాను. మంచే రాస్తున్నాను. వారు అచ్చు వెయ్యకపోతే వేసేవాళ్ళు ఇంకెక్కడో ఉంటారు.

ఆంటీ పుట్టింది మలయ్ దేశపు అంచున ఉన్న ఈ ద్వీపంలోనే, బ్రిటిష్ నౌకాస్థావరం కూలీల లైన్ల ఇళ్ళలో. తండ్రి అప్పన్న గారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవారు. ఆంటీ మిషన్ బడిలో చదువుకున్నారు. యుద్ధానంతరం ఇంగ్లండులో పనిచేసే చేతులు కరువై, ఆ దేశం తన వలస రాజ్యాల వైపు చూసిన రోజులవి. ఆస్పత్రులకు నర్సులు కావాలన్న ప్రకటన చూసి ఆవిడ బయలుదేరారు. "రా రా అని పిలిసినోళ్ళే, గుమ్మంలోకి ఎల్లాక ఎందుకొచ్చావని అడిగారు" అనేవారు.

అక్కడ మొదటి గండం గది. బడిలో దొరసానులు నేర్పిన ఇంగ్లీషు కనుక ఫోనులో విన్నవాళ్ళకి అనుమానం వచ్చేది కాదు, రమ్మనేవారు. తలుపు తీసి ముఖం చూశాక, అయ్యో ఇప్పుడే ఇచ్చేశామే అనేవారు. ఆంటీ వీధి చివర టెలిఫోను బూతు దాకా నడిచి, మళ్ళీ అదే ఇంటికి ఫోను చేసేవారు. గది ఖాళీగానే ఉండేది. తెలిసి తెలిసి ఎందుకు చేశారు ఆంటీ అని అడిగాను. "ఆళ్ళ నోటితోనే ఇనాల గదా. నేపోతే తప్పు మనలోనే ఉందనుకుంటాం" అన్నారు.

ఆవిడ దగ్గర పని నేర్చుకున్న తెల్లపిల్లలు ఆవిడకే పైఅధికారులయ్యారు. ఒక పెద్ద నాయకుడు నల్లవాళ్ళనందరినీ వెనక్కి పంపెయ్యాలని ఉపన్యాసమిచ్చిన మర్నాడు, ఆవిడ కట్టు మారుస్తున్న రోగి ఒకాయన, ఆయన చెప్పింది నిజమే, కానీ నువ్వు కాదులే సిస్టర్, నువ్వు మంచిదానివి అన్నాడట. ఆ కట్టు ఆవిడ శుభ్రంగానే కట్టారు. "తిట్టినోడిని మరిసిపోవచ్చు పిల్లా. నువ్వు కాదులే అన్నోడిని మరవనేం" అనేవారు. తరవాత రంగు చూసి ఇల్లు కాదనకూడదని చట్టం వచ్చింది. నల్లవారికి ఇల్లు లేదన్న బోర్డులు మాయమయ్యాయి. "తీసీసారు. సిగ్గొచ్చి కాదు, కోర్టుకి జడిసి" అని నవ్వేవారు.

పెళ్ళి చేసుకోలేదు. జీవితమంతా అక్కడే ధారపోసి, రిటైరయ్యాక తమ్ముడు వదిలివెళ్ళిన ఇక్కడి వుడ్‌ల్యాండ్స్ ఫ్లాటుకి తిరిగి వచ్చేశారు. అప్పటికి కంప్యూటర్ ఉద్యోగాలు వరదలా వచ్చి, ఏ ట్రైను ఎక్కినా తెలుగు వినిపించే రోజులు మొదలయ్యాయి. ఎవరు తెలుగు మాట్లాడుతున్నా ఆంటీ వెళ్ళి పక్కన నిలబడేవారు. ఏమీ అడిగేవారు కాదు, వినేవారంతే. "నాకు ఇంకేటీ వొద్దు. సుట్టూ తెలుగు ఇనిపిస్తా ఉంటే పోవాల" అనేవారు. ఈ ఊరికి ఆవిడ తిరిగొచ్చింది ఆ ఒక్క కోరిక కోసం.

సంఘం వారు ఆవిడని నెత్తిన పెట్టుకున్నారు. ఉగాదికి ముందు వరసలో కుర్చీ, శాలువా, దీపప్రజ్వలనం. ఆవిడ చేసుకొచ్చే పులిహోర కోసం పిల్లలు ఎదురు చూసేవారు. కానీ సంఘం పెద్దలకి ఒక్కటే చిక్కు వచ్చిపడింది. ఇక్కడి పాతకాపులకి ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరే కాగితాల మీద ఉంటుంది. ఇంటిపేరు వింటే చాలు మనిషి పుట్టుపూర్వోత్తరాలు లెక్కకట్టగల మేధావులు మనవాళ్ళు. కమల, అప్పన్న గారి కూతురు అంటే ఏం లెక్క కడతారు? ఆ కాలంలో లండన్ వెళ్ళిందంటే పెద్దింటి పిల్లే అయ్యుంటుందని వాళ్ళలో వాళ్ళే తేల్చుకున్నారు. ఆవిడని మాత్రం ఎవరూ అడగలేదు.

నేను ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఆంగ్ మో కియో పేటలో కార్యదర్శి గారింట్లో గది ఖాళీగా ఉందంటే వెళ్ళాను. వారి భార్య కాఫీ ఇచ్చి వంటిల్లు కూడా చూపించారు. కార్యదర్శి గారు మా ఊరి పేరు అడిగారు. ఊళ్ళో ఎటువైపమ్మా అన్నారు. మాలపల్లె అని చెప్పాను. ఆయన గడియారం వైపు చూసి, "అయ్యో, నిన్ననే ఒకబ్బాయికి మాటిచ్చేశానమ్మా. మర్చేపోయాను సుమా" అన్నారు. అంతకుముందు ఫోనులో అమ్మాయిలకే ఇస్తామని చెప్పింది ఈయనే.

స్టేషను దగ్గర టెలిఫోను బూతులో నిలబడి మా అమ్మకి ఈ సంగతి చెబుతుంటే, నెరిసిన జుట్టు ఉన్న ఒకావిడ వచ్చి పక్కన నిలబడ్డారు. ఆంటీని నేను చూడటం అదే మొదలు. నేను ఫోను పెట్టేశాక ఎవరిల్లని అడిగి, నంబరు తీసుకుని, తనే చేశారు. "బాబూ, గది ఉందా?"

అవతలి గొంతు నాకూ వినిపించింది. "ఉందాంటీ, ఉంది. మీవాళ్ళెవరైనా ఉన్నారా? మీ మాటంటే ఇంక చూసేదేముంది?"

"ఇందాక వొచ్చి ఎల్లింది, ఆ పిల్లే మావోళ్ళు."

ఆయన గొంతు తగ్గింది. "ఆంటీ, మీరు వేరు. మిమ్మల్ని కాదు కదా నేను..."

ఆ మాట ఆవిడకి తగలరాని చోట తగిలింది. "మా అయ్య నేవీ బేసులో దొరల లెట్రిన్లు ఎత్తీవోడు బాబూ. మేం రెల్లోళ్ళం. నువ్వెప్పుడూ అడగనేదు" అని ఫోను పెట్టేశారు. నా వైపు తిరిగి, "మకాన్ అయిందా? ఏటైనా తిన్నావా? పద, ఇంటికి ఎల్దాం" అన్నారు. అప్పటినుంచి వుడ్‌ల్యాండ్స్ ఇల్లే నా ఇల్లయింది.

ఆ తరవాత ఎవరూ ఆవిడని పల్లెత్తు మాట అనలేదు. చదువుకున్నవాళ్ళు కదా. మరుసటి ఉగాదికి ఆంటీ చింతపండు నానబెట్టుకుని కూర్చుంటే కార్యదర్శి గారి భార్య ఫోను చేశారు. "ఈసారి అంతా కేటరింగ్ పెట్టేశాం ఆంటీ, మీకు శ్రమెందుకు?" ఆంటీ ఆ పులిహోర మా ఇద్దరికే కలిపారు. ముందు వరస కుర్చీ మరొకరిది అయింది. ట్రైనులో తెలుగు వినబడితే ఆవిడ లేచి ఇంకో పెట్టెలోకి వెళ్ళడం మొదలుపెట్టారు. అది చూసిన రోజు నాకు ఏడుపు ఆగలేదు. "అక్కడ ఇంగ్లీషులో తలుపేసీవోరు, సలికి ముయ్యడం లాగుండీది. ఇక్కడ అమ్మ మాటలోనే మూసీసారు" అని ఒక్కసారే అన్నారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అటువంటి ఆత్మగౌరవం, అటువంటి నిష్కర్ష కలిగిన మనిషి మనకి మళ్ళీ దొరకరు. నిజానికి దొరికినప్పుడే మనకి అక్కర్లేకపోయారు. ఈ లోటు తీరనిదని సంఘం వారు అంటున్నారు. ఆ లోటు చేసుకున్నది ఎవరు?

మండాయ్ దహనవాటికకి సంఘం తరఫున పూలచక్రం వచ్చింది. రిబ్బను మీద 'తెలుగుతల్లి ముద్దుబిడ్డ' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయించారు. పనిరోజు కావడం వల్ల మనుషులకి సెలవు దొరకలేదట. పక్కింటి మలయ్ ఆవిడ, పైఅంతస్తు చైనీస్ అంకుల్, ఆస్పత్రి నుంచి ఒక నర్సు వచ్చారు. ఆవిడ ఉన్న పెట్టె కొలిమి లోపలికి కదులుతుంటే నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ఏం చెప్పాలో తోచలేదు. ఎండ ఎలా ఉందో, ఎవరెవరు వచ్చారో, ఇంట్లో ఏం కూర మిగిలిపోయిందో, అన్నీ గట్టిగా, తెలుగులో చెప్పాను. వాళ్ళు ముగ్గురూ తలలు వంచుకుని నిలబడ్డారు. తలుపు మూసుకున్నాక కూడా ఆపలేకపోయాను. ఆవిడ కోరుకున్నది చుట్టూ తెలుగు. ఆవిడకి మిగిలింది నా ఒక్కదాని గొంతు.